పంటి చికిత్స తర్వాత తిండి: మెత్తన వేరు, పలచన వేరు

అందరికీ నమస్కారం. పన్ను తీయించుకున్నాక డాక్టరు గారు చీటీ రాసిచ్చి చివర్లో ఒక మాట అంటారు, "నాలుగు రోజులు మెత్తగా తినండి" అని. మెత్తగా అంటే ఏమిటో ఆ చీటీలో ఉండదు. ఇంట్లో వాళ్లు జావ కాస్తారు. మింగడానికి ఇబ్బందిగా ఉందంటే ఇంకో గ్లాసు నీళ్లు పోస్తారు. మూడో రోజుకి మనిషి గోడ పట్టుకుని నడుస్తాడు. పన్ను తీస్తే ఇంత నీరసం వస్తుందా అని అడుగుతారు. ఆ నీరసంలో పన్ను వాటా తక్కువండీ, తిండి లేకపోవడం వాటా ఎక్కువ.

లెక్క చూడండి. 50 గ్రాముల బియ్యంలో దాదాపు 175 కేలరీలు ఉంటాయి, మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. దాన్ని ముప్పావు లీటరు నీళ్లలో జావ కాస్తే మూడున్నర, నాలుగు గ్లాసులవుతుంది. అంటే ఒక గ్లాసులో 45 కేలరీలు, ఒక గ్రాము ప్రొటీన్. అదే గ్లాసుతో పాలు తాగితే 120, 130 కేలరీలు, ఆరు గ్రాముల పైన ప్రొటీన్. జావ తాగినవాడికి కడుపు నిండుతుంది, ఒంట్లోకి మాత్రం ఏమీ వెళ్లదు. పప్పు మీద తేట కూడా అంతే. బలమంతా గిన్నె అడుగున ఉంటే పైన నీళ్లు వంచి రోగికి పోస్తాం.

అందుకని ఈ సాయంత్రం నేను చెప్పేది ఒక్కటే. మెత్తదనం ఉడకడంతో, మెదపడంతో, నెయ్యి వెన్న లాంటి కొవ్వుతో రావాలి. నీళ్లతో రాకూడదు. నీళ్లు విడిగా తాగండి, బాగా తాగండి, తిండిలో మాత్రం పోయకండి.

మెత్తగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మింగడం కష్టమైన రోగులకు ఆహారం సిద్ధం చేసేవాళ్లు వాడేదే. ముక్కని పళ్లెంలో పెట్టి ఫోర్కు వీపుతో, లేకపోతే చెంచాతో, బొటనవేలి గోరు తెల్లబడేంత నొక్కండి. నాలుక అంగిలికేసి నొక్కే బలం దాదాపు అంత ఉంటుంది. ముక్క నలిగి, చెంచా తీశాక మళ్లీ లేవకుండా అలాగే ఉండిపోతే అది పళ్లతో పని లేని తిండి. నలిగి మళ్లీ పైకి లేచిందంటే, బాగా ఉడికిన గుడ్డు తెల్లసొనలా, అది చూడ్డానికే మెత్తన. నోట్లో నమలాల్సిందే.

ఇప్పుడు మొదటి గంటలు. మత్తు ఇంజెక్షన్ చేసిన పెదవి, నాలుక, బుగ్గ తిమ్మిరిగా ఉంటాయి. కింది దవడకి ఇచ్చిన మత్తయితే మూడు నుంచి ఐదు గంటలు కూడా ఉంటుంది. ఆ సమయంలో నమిలితే ఆహారంతో పాటు మన పెదవినే నమిలేస్తాం, నొప్పి తెలియదు కాబట్టి ఆపం. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. సాయంత్రానికి పెదవి వాచి, పుండు పడి, పంటి చికిత్స వికటించిందేమోనని పరుగెత్తుకొస్తారు. వేడి కూడా తెలియదు, కాల్చుకుంటారు. కాబట్టి తిమ్మిరి పోయేదాకా నమిలే తిండి వద్దు. దాహమైతే చల్లని నీళ్లు, పాలు గుక్క గుక్కగా తాగొచ్చు.

పన్ను తీసిన చోట రక్తం గడ్డకడుతుంది. మీ నోట్లో ఆ రోజు అన్నిటికంటే విలువైనది ఆ గడ్డే. కింద ఎముక బయటికి కనపడకుండా మూత వేసేది అదే, కొత్త కణజాలం అల్లుకునేది దాని మీదే. అది ఊడితే డ్రై సాకెట్ అంటారు. తీసిన రోజు బాగానే ఉంటుంది, రెండో రోజో మూడో రోజో తగ్గాల్సిన నొప్పి ఎదురు పెరుగుతుంది, చెవి దాకా లాగుతుంది, నోరు వాసన వేస్తుంది. కింది జ్ఞానదంతాలు తీసినప్పుడు, పొగ తాగేవాళ్లలో ఎక్కువ. అందుకే మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, వేడిగా ఏమీ తాగొద్దు. స్ట్రా వారం రోజులు పక్కన పెట్టండి, పీల్చేటప్పుడు నోట్లో పుట్టే లాగుడు ఆ గడ్డ మీద పడుతుంది. పొగ తాగడంలోనూ ఇదే లాగుడు, పైగా నికోటిన్ రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది. సోడా, మద్యం కూడా వద్దు.

చికిత్సని బట్టి మెత్తదనం మారుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. మామూలు పన్ను తీస్తే మొదటి రోజు చల్లగా, నునుపుగా జారేవి. రెండు, మూడు రోజులు మెదిపినవి. నాలుగో రోజు నుంచి రెండో వైపు నెమ్మదిగా నమలొచ్చు. జ్ఞానదంతం కోసి తీస్తే వాపు రెండో, మూడో రోజున పతాక స్థాయికి వెళ్తుంది, నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోదు. అప్పుడు సమస్య నమలడం కాదు, చెంచా లోపలికి వెళ్లడం. పెద్ద చెంచా తీసేసి టీ చెంచా వాడండి, చిన్నపిల్లల చెంచా అయితే ఇంకా మంచిది.

రూట్ కెనాల్ సంగతి వేరు. అక్కడ పుండు లేదు, కాపాడాల్సింది పన్నుని. మధ్యలో డొల్ల చేసిన పన్ను, పైన తాత్కాలిక సిమెంటు. క్యాప్ వేసేదాకా ఆ పన్ను మీద గట్టివి కొరికితే నిలువునా చీలొచ్చు, అలా చీలిన పన్నుని చాలాసార్లు తీసేయడమే. అన్నం, కూర మామూలుగా తినండి, కానీ రెండో వైపు. తాత్కాలిక క్యాప్ ఉంటే టాఫీ, చూయింగ్ గమ్ లాంటి అంటుకునేవి ముట్టుకోకండి, క్యాప్‌ని పట్టుకుని లేపేస్తాయి. ఫిల్లింగ్‌లో కూడా తేడా ఉంది. పంటి రంగు కాంపోజిట్ దీపపు కాంతితో అక్కడికక్కడే గట్టిపడుతుంది. వెండి రంగు ఫిల్లింగ్ పూర్తి గట్టిదనానికి ఒక రోజు తీసుకుంటుంది.

ఇంప్లాంట్, అంటే పన్ను కోసం దవడ ఎముకలో బిగించే స్క్రూ, వేసినవాళ్లకి నొప్పి తక్కువగా ఉంటుంది, అదే ప్రమాదం. నొప్పి లేదు కదా అని నమిలేస్తారు. ఎముక ఆ స్క్రూని పట్టుకోవడానికి నెలలు పడుతుంది, ఆ లోపల కదిలితే పట్టు రాదు. అక్కడ ఎన్నాళ్లు మెత్తగా తినాలో మీ డాక్టరు చెప్పిందే లెక్క. క్లిప్పులు బిగించినప్పుడు రెండు మూడు రోజులు పళ్లన్నీ సలుపుతాయి, తర్వాత తగ్గుతుంది. కట్టుడు పళ్లు కొత్తగా పెట్టుకున్నవాళ్లు చిన్న ముక్కలు రెండు వైపులా సమానంగా పెట్టి నమలాలి, ఒకవైపే నమిలితే రెండో వైపు సెట్టు లేస్తుంది. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి వేడి సరిగా తెలియదు, ఆ విషయం గుర్తుంచుకోండి.

సరే, వంటింట్లోకి వెళ్దాం.

ముందు పప్పు. ఎంతసేపు ఉడికించినా పలుకు పోవడం లేదంటారు. రెండు కారణాలు. ఒకటి, కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న గట్టినీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం పప్పుగింజ గోడల్లో ఉన్న పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టి బిగిస్తుంది. రెండు, పులుపు ముందే వేయడం. టమాటా గానీ ఇంకే పులుపు గానీ ఆమ్లమే, ఆమ్లంలో పెక్టిన్ కరగదు. పప్పు పూర్తిగా మెత్తబడి, గుత్తితో మెదిపాక పులుపు వేయండి. నోటి పుండుకి మంట కాబట్టి ఈ నాలుగు రోజులూ పులుపు మానేస్తే ఇంకా మేలు. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు త్వరగా ఉడుకుతుంది, నిజమే, కానీ అందులోని బి1 విటమిన్ చాలా పోతుంది.

అన్నం, పప్పు కలిపి వండటం అన్నిటికంటే తేలిక. 60 గ్రాముల బియ్యం, 40 గ్రాముల పెసరపప్పు, అర లీటరు నీళ్లు, కుక్కర్లో మెత్తగా. దిగాక వేడి మీదే గుత్తితో మెదిపి రెండు చెంచాల నెయ్యో వెన్నో కలపండి. కొలతగా నేను చెంచా అన్నచోటల్లా టీ చెంచానే. దాదాపు 440 కేలరీలు, 14 గ్రాముల ప్రొటీన్. ఇందాకటి జావ ఎన్ని గ్లాసులు తాగితే ఇంత వస్తుందో మీరే లెక్కేసుకోండి. ఇది చల్లారితే గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా గట్టిపడి పలుకుగా అవుతుంది. ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థం చల్లబడ్డాక మళ్లీ దగ్గరకి చేరుతుంది, అందుకు. తినే ముందు రెండు చెంచాల నీళ్లు చల్లి బాగా వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది, ఆ తర్వాత గోరువెచ్చగా చల్లార్చుకుని తినండి.

ఇంకో సంగతి. గిన్నె నిండా ముద్ద పెట్టుకుని తింటూ తింటూ మధ్యలో ఆపి, అరగంటయ్యాక చూస్తే పైన నీళ్లు తేరి పలచబడి ఉంటుంది. పాడైపోయిందనుకుంటారు. అది ఎంగిలి చెంచా పని. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పిండిపదార్థాన్ని విడగొట్టేస్తుంది. ఎంగిలి గురించి పెద్దవాళ్లు అన్నది ఊరికే కాదనుకోండి. కొంచెం కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని తినండి.

బంగాళాదుంపని మిక్సీలో వేయొద్దు. బ్లేడు దెబ్బకి పిండి కణాలు పగిలి జిగురు బయటికొస్తుంది, ముద్ద సాగుతూ అంగిలికి అంటుకుంటుంది. నోరు తెరవలేనివాడికి అది శిక్ష. వేడిగా ఉన్నప్పుడే గుత్తితో మెదిపి, ముందు వెన్న కలిపి, తర్వాత గోరువెచ్చని పాలు పోయండి.

గుడ్డు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇంత చవగ్గా ఇంత మెత్తగా దొరికే ప్రొటీన్ ఇంకోటి లేదు, దాన్ని మనం మంట ఎక్కువ పెట్టి రబ్బరు చేస్తాం. గుడ్డులోని ప్రొటీన్ వేడి తగిలేకొద్దీ బిగుసుకుని లోపలి నీళ్లని పిండేస్తుంది. ఆవిరి మీద కస్టర్డ్ ఇలా చేయండి. రెండు గుడ్లు, 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, మూడు చెంచాల పంచదార. తీపి వద్దంటే పంచదార బదులు చిటికెడు ఉప్పు. పాలు మరిగేవి పోస్తే గుడ్డు పోగులు పోగులుగా ఉడికిపోతుంది, అందుకే గోరువెచ్చన. నురగ రాకుండా కలిపి జల్లెడలో వడకట్టండి, తెల్లసొన తీగలు అందులో మిగిలిపోతాయి. గిన్నె మీద పళ్లెం మూత పెట్టండి, లేకపోతే ఆవిరి పాత్ర మూత మీది బొట్లు పడి పైన గుంటలు పడతాయి. కింద నీళ్లు సన్నగా కదులుతుండాలి గానీ కుతకుత ఉడక్కూడదు, ఉడికితే లోపల తేనెపట్టులా చిల్లులు పడి నీళ్లు వదులుతుంది. 15, 20 నిమిషాల తర్వాత గిన్నె కదిపితే అంచులు నిలిచి మధ్యలో మాత్రం వణకాలి. అప్పుడు దించేయండి, మిగతాది తన వేడికే గట్టిపడుతుంది. చల్లగా తినొచ్చు కాబట్టి మొదటి రోజుకి కూడా పనికొస్తుంది. 20 గ్రాముల ప్రొటీన్.

మాంసం తినేవాళ్లు చికెన్ ముక్కల్ని ఉడికించి చిదిమితే నార నారగా వస్తుంది, ఆ నార కుట్లలో చుట్టుకుంటుంది. ఖీమా చేసి, చెంచాడు పిండి కలిపిన చిక్కని రసంలో ఉడికిస్తే ముద్దగా ఉంటుంది. దానికంటే చేప నయం, కండ పొరలు పొరలుగా విడిపోతుంది. ముళ్లు మాత్రం వేలితో తడిమి చూడాలి, కళ్లని నమ్మకండి.

గింజలు, పలుకులు. నువ్వులు, ఆవాలు, జీలకర్ర, మిరపగింజలు, కొబ్బరి తురుము, పేలాల పొట్టు, ఇవన్నీ పన్ను తీసిన గుంటకి కొలత తీసుకుని పుట్టినట్టు అందులో కూర్చుంటాయి. వాసన కావాలంటే నూనెలో తాలింపు వేసి, ఆ నూనెని వడకట్టి కలుపుకోండి. పళ్లలో కూడా గింజలున్నవి వద్దు, జామ లాంటివి. అరటిపండు, బాగా పండిన బొప్పాయి మంచివి. పుండు మానడానికి కావలసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ తయారీకి విటమిన్ సి ఉండాలి, నిమ్మజాతి పళ్లేమో మంట. బొప్పాయి 100 గ్రాముల్లో దాదాపు 60 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, మంట ఉండదు. మలబద్ధకానికి కూడా అదే మందు. మెత్తటి తిండిలో పీచు తగ్గుతుంది, నొప్పి మాత్రల్లో కొన్ని పేగుల కదలికని ఇంకా తగ్గిస్తాయి.

ఒక రోజు మొత్తం ఎలా ఉంటుందో చూద్దాం. 60 కిలోల మనిషికి మామూలుగా 50 గ్రాముల ప్రొటీన్ చాలు. పుండు మానే రోజుల్లో కిలోకి 1.2 గ్రాముల చొప్పున 70 దాకా ఉంటే మంచిది. పొద్దున 40 గ్రాముల ఓట్స్, పావు లీటరు పాలలో బాగా ఉడికించి: 13. పది గంటలకి ఇందాకటి కస్టర్డ్: 20. మధ్యాహ్నం అన్నం పప్పు ముద్ద: 14. దాంతో 150 గ్రాముల పెరుగు: 5. సాయంత్రం గ్లాసు పాలలో 20 గ్రాముల పాలపొడి, ఒక అరటిపండు: 14. రాత్రి మెదిపిన బంగాళాదుంపతో 75 గ్రాముల చేప: 15. మొత్తం 80 పైన, కేలరీలు సుమారు 1,750. చేప తిననివాళ్లు 75 గ్రాముల మెత్తటి పనీర్ చిదిమి వేసుకున్నా లెక్క దాదాపు అంతే. ఐదుసార్లు తినడం ఎందుకంటే, నోరు నొప్పిగా ఉన్న మనిషి ఒక విడతలో ఎక్కువ తినలేడు, అలసిపోతాడు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ఈ ప్రొటీన్ లెక్క పాటించొద్దు, మీ డాక్టరు ఇచ్చిన పరిమితిలోనే ఉండండి.

పాలపొడి మాట వచ్చింది కాబట్టి, తిండి పరిమాణం పెంచకుండా బలం పెంచే వస్తువు అది. వెన్న తీసిన పాలపొడిలో 100 గ్రాములకి 35 గ్రాముల ప్రొటీన్. ముద్దలో, ఓట్స్‌లో, దుంపల్లో ఎందులోనైనా కలుస్తుంది. ముందు చల్లని పాలలో చెంచాతో రుద్ది కలపండి, వేడిదాంట్లో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది.

మందులతో జాగ్రత్తలు కొన్ని. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఖాళీ కడుపున మంట పుట్టిస్తాయి, అర గిన్నె కస్టర్డో పెరుగో తిన్నాక వేసుకోండి. డాక్సీసైక్లిన్ ఇస్తే పాలకీ మాత్రకీ మధ్య రెండు గంటలు ఉండాలి, కాల్షియం ఆ మందుని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. మెట్రోనిడజోల్ వాడుతూ మద్యం తాగొద్దు. మధుమేహం ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ రోజూలాగే వేసుకుని సగం తిండే తింటే షుగరు పడిపోతుంది. డోసు ఎంతో చికిత్సకి ముందే అడిగి పెట్టుకోండి. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, అప్పుడు నోటి నియమాలు చూడొద్దు. ఇటు జావ, మెదిపిన దుంప లాంటివి షుగరుని త్వరగా పెంచుతాయి కూడా, కాబట్టి వాటితో గుడ్డో పప్పో పెరుగో లేకుండా తినకండి.

ప్రశ్నలు ఉన్నట్టున్నాయి, అడగండి.

ఐస్‌క్రీం తినొచ్చా అంటున్నారు. మొదటి రోజు తినొచ్చు, చల్లదనం హాయిగా ఉంటుంది. కోన్ వద్దు, పప్పులు పలుకులు లేనిది, చెంచాతో. కానీ నాలుగు రోజులూ దాని మీదే బతకొద్దు. ఆ రోజుల్లో బ్రష్ సరిగా చేయరు, తీపి పళ్ల చుట్టూ పేరుకుంటుంది. ఒక పన్ను బాగుచేసుకుని ఇంకో పన్ను పోగొట్టుకున్నట్టు. పుండు వదిలేసి మిగతా పళ్లని మొదటి రాత్రి నుంచే మెత్తటి బ్రష్‌తో తోముకోండి.

కారం ఎప్పటినుంచి? పుండుకి మంట తెలియకపోతే వారం తర్వాత కొద్దికొద్దిగా. ముందే తింటే చెడిపోయేదేమీ ఉండకపోవచ్చు గానీ, మంటకి నాలుక ఆ గుంట దగ్గరికే పోతుంది, కెలుకుతుంది.

గుంటలో మెతుకు ఇరుక్కుంటే ఏం చేయాలని వెనక నుంచి అడిగారు. మంచి ప్రశ్న. పుల్ల పెట్టి గుచ్చకండి, నాలుకతో లాగకండి. మొదటి 24 గంటలైతే వదిలేయండి, ఆ మెతుకు కంటే కింది గడ్డ ముఖ్యం. రెండో రోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నీళ్లని వాటంతట అవే జారిపోనివ్వండి. బుగ్గలు ఉబ్బించి కొట్టడం వద్దు. కింది జ్ఞానదంతం గుంట అయితే నెల పైన కూడా మెతుకులు పడుతూనే ఉంటాయి, అది మామూలే. దానికి కొందరు డాక్టర్లు కొన వంగిన చిన్న సిరంజి ఇస్తారు, సూది ఉండదు. వాళ్లు చెప్పిన రోజు నుంచి, సాధారణంగా ఐదారు రోజుల తర్వాత, కొనని గుంట అంచు దగ్గర పెట్టి, లోపలికి దూర్చకుండా, అదే ఉప్పునీళ్లని మెల్లగా పంపండి. బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా. నీళ్లతో పాటు చీము వచ్చినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, మూడో రోజు దాటాక నొప్పి పెరుగుతున్నా ఇక ఇంట్లో ప్రయత్నాలు ఆపి వెంటనే వెళ్లండి. రక్తం కారుతుంటే శుభ్రమైన దూది ఉండ పెట్టి అరగంట గట్టిగా కరిచి పట్టుకోండి, మధ్యలో తీసి చూడకండి. అప్పటికీ ఆగకపోతే అదే రాత్రి వెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.